కప్పు గెలిచి కనుమరుగైన జట్లు

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి. నీలం లైన్‌లో నాగోలు వైపు వెళ్తే ఉప్పల్ కంటే ముందే ‘స్టేడియం’ అనే స్టేషన్ వస్తుంది. అదే లైన్‌లో అటు రాయదుర్గం దాకా వెళ్లి ఆటో ఎక్కితే గచ్చిబౌలి. ఎరుపు లైన్ ఎక్కి పంజాగుట్ట, ఇర్రంమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటితే అసెంబ్లీ స్టేషన్. అక్కడ దిగి కాస్త నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం, పాతవాళ్ల మాటలో ఫతే మైదాన్.

ఈ మూడు చోట్లా హైదరాబాద్ పేరు చెప్పుకుని ఆడి, ఇప్పుడు లేకుండా పోయిన జట్లు ఉన్నాయి. ఆడలేక, ఓడిపోయి మూతపడ్డవి కావవి. దాదాపు అన్నీ కప్పులు ఎత్తిన జట్లే. అందుకే ఈ విశేషాలన్నీ వాటివే.

సొంత ఊళ్లో గెలవకుండానే ఛాంపియన్

ఐపీఎల్ మొదలైన 2008లో డెక్కన్ ఛార్జర్స్ ఉప్పల్‌లో ఏడు మ్యాచ్‌లు ఆడింది. ఏడూ ఓడింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల వల్ల టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. ఛార్జర్స్ అక్కడే కప్పు గెలిచింది. 2009 అక్టోబరులో ఛాంపియన్స్ లీగ్ కోసం విజేత హోదాలో ఉప్పల్‌కు వచ్చి సోమర్‌సెట్ చేతిలో ఒక్క వికెట్ తేడాతో, తర్వాత ట్రినిడాడ్ అండ్ టొబాగో చేతిలో ఓడింది. 2010లో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉండటంతో ‘సొంత’ మ్యాచ్‌లు నాగపూర్‌కు, కటక్‌కు, నవీ ముంబైకి మారాయి. చివరికి 2011 ఏప్రిల్‌లో బెంగళూరును ఓడించి, హైదరాబాద్‌లో తొలి ఐపీఎల్ విజయం అందుకుంది.

అంటే కప్పు గెలిచిన రెండేళ్ల దాకా ఆ జట్టు సొంత ప్రేక్షకుల ముందు ఒక్క ఐపీఎల్ మ్యాచ్ కూడా గెలవలేదు. ఇలాంటి ఛాంపియన్ ఐపీఎల్‌లో మరొకటి లేదు. ఇది ఆటగాళ్ల తప్పు మాత్రమే కాదు. ఎన్నికలు, ఉద్యమం, షెడ్యూళ్లు కలిసి ఒక జట్టును దాని ఊరికి దూరం చేశాయి. ఊరు ఆ జట్టును మనసారా తనది అనుకునే లోపే అది అయిపోయింది.

చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు

2008 జనవరిలో జట్లను వేలం వేసినప్పుడు డెక్కన్ క్రానికల్ సంస్థ హైదరాబాద్‌ను 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నది. ముంబై, బెంగళూరు తర్వాత మూడో ఖరీదైన జట్టు మనదే. ఆటగాళ్ల వేలంలో ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పెట్టింది. ధోనీ తర్వాత అంత ధర పలికింది అతనికే. వీవీఎస్ లక్ష్మణ్‌కు ‘ఐకాన్’ ఆటగాడి హోదా దక్కాల్సింది. ఆ హోదా తీసుకుంటే జట్టులో అందరికంటే ఎక్కువ డబ్బు ఆయనకే ఇవ్వాలి. మంచి ఆటగాళ్లను కొనుక్కోవడానికి డబ్బు మిగలాలని ఆయన దాన్ని వదులుకున్నారు. రికార్డు పుస్తకంలో ఈ త్యాగానికి గడి ఉండదు. నా లెక్కలో మాత్రం ఛార్జర్స్ కథలో అన్నింటికంటే పెద్ద సంగతి ఇదే.

ఇంత ఉన్నా తొలి సీజన్‌లో 14 మ్యాచ్‌లకు రెండే గెలిచి, ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది ఎనిమిదింటిలోనూ అతి తక్కువ ధర పలికిన రాజస్థాన్ కప్పు గెలిచింది.

ఆ సీజన్ ఓటముల్లో ఒకటి ఇప్పటికీ చెప్పుకోదగ్గది. ఏప్రిల్ 24న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. స్కోరు 214. చివరి ఓవర్లో రాజస్థాన్‌కు 17 పరుగులు కావాలి. బంతి అందుకున్నది సైమండ్సే. ఎదురుగా షేన్ వార్న్. ఒక బంతి మిగిలి ఉండగా రాజస్థాన్ గెలిచింది. సెంచరీ చేసినవాడే చివరి ఓవర్ వేసి మ్యాచ్ పోగొట్టుకున్న సందర్భాలు క్రికెట్‌లో వెతికినా ఎక్కువ దొరకవు.

మూడు రోజులకు నవీ ముంబైలో ఆడమ్ గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో సెంచరీ చేశాడు. అప్పటికి ఐపీఎల్‌లో అదే వేగవంతమైన సెంచరీ. ముంబై పెట్టిన 155 పరుగుల లక్ష్యాన్ని ఒక్క వికెట్టూ పోకుండా 12 ఓవర్లలో కొట్టేశారు.

2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లేమన్ కోచ్. మొదటి నాలుగు మ్యాచ్‌లూ వరుసగా గెలిచారు. కోల్‌కతా మీద ఒక మ్యాచ్‌లో చివరి ఓవర్‌కు 21 పరుగులు కావాల్సి వస్తే, మష్రఫే మొర్తజా బౌలింగ్‌లో రోహిత్ శర్మ ఆఖరి బంతిని సిక్స్‌కు పంపి ముగించాడు. సెమీఫైనల్‌లో గిల్‌క్రిస్ట్ 17 బంతుల్లో యాభై దాటి, 35 బంతుల్లో 85 చేశాడు. లీగ్ పట్టికలో అగ్రస్థానంలో ఉన్న ఢిల్లీ దానికి బలైంది.

మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. ఆ రాత్రి మేమంతా అమీర్‌పేటలో ఒక హాస్టల్ టీవీ ముందు ఒకరి భుజం మీద ఒకరం పడి చూశాం. తొలి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్ సున్నాకు ఔటయ్యాడు. హెర్షెల్ గిబ్స్ 53 నాటౌట్‌గా నిలబడటంతో స్కోరు 143కు చేరింది. చివరి ఓవర్లో బెంగళూరుకు 15 కావాలి. ఆర్పీ సింగ్ ఎనిమిదే ఇచ్చాడు. ఆరు పరుగుల తేడాతో కప్పు మనది. నాలుగు వికెట్లు తీసిన అనిల్ కుంబ్లే ఓడిన జట్టులో ఉండి కూడా ‘మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్’ అందుకున్నారు.

ఒక ఏడాది ఆఖరి స్థానం, మరుసటి ఏడాది కప్పు. 2025 సీజన్ దాకా ఈ ఘనత మరే ఐపీఎల్ జట్టుకూ దక్కలేదు.

ఛార్జర్స్ ఖాతాలో మరికొన్ని

ముంబైకి ఐదు కప్పులు తెచ్చిన రోహిత్ శర్మ ఐపీఎల్‌లో తీసిన ఏకైక హ్యాట్రిక్ అదే ముంబై మీద. 2009 మే 6న సెంచూరియన్‌లో ఛార్జర్స్ తరఫున బంతి పట్టి ఆరు పరుగులకే నాలుగు వికెట్లు తీశాడు.

పర్పుల్ క్యాప్, అంటే సీజన్‌లో అత్యధిక వికెట్ల బౌలర్ టోపీ, వరుసగా రెండేళ్లు ఛార్జర్స్ బౌలర్ల తల మీదే ఉంది. 2009లో ఆర్పీ సింగ్ 23 వికెట్లు, 2010లో ప్రజ్ఞాన్ ఓఝా 21. ఆ టోపీ దక్కిన తొలి స్పిన్నర్ ఓఝాయే.

అమిత్ మిశ్రా ఐపీఎల్‌లో మూడు హ్యాట్రిక్‌లు తీశాడు. మొదటిది 2008లో ఢిల్లీకి ఆడుతూ ఛార్జర్స్ మీద. రెండోది 2011లో ఛార్జర్స్ తరఫున పంజాబ్ మీద. మూడోది 2013లో సన్‌రైజర్స్ తరఫున పుణె మీద. మూడింటిలోనూ హైదరాబాద్ జట్టు ఉంది.

2011 ఏప్రిల్‌లో కొచ్చిలో ఇషాంత్ శర్మ 12 పరుగులకు ఐదు వికెట్లు తీస్తే కొచ్చి టస్కర్స్ ఒక దశలో 11 పరుగులకు ఆరు వికెట్లు పోగొట్టుకుంది. ఆఖరికి 74కు కుప్పకూలింది. ఆ మ్యాచ్ ఆడిన రెండు జట్లూ ఇప్పుడు లేవు. కొచ్చి ఆ ఒక్క సీజన్‌తోనే ముగిసింది.

మొత్తం ఐదు సీజన్లు, 75 మ్యాచ్‌లు, 29 విజయాలు, 46 ఓటములు. ఇదీ డెక్కన్ ఛార్జర్స్ జాతకం.

ఐదు సీజన్ల ఆట, తొమ్మిదేళ్ల వ్యాజ్యం

యజమాని సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో జట్టును అమ్మకానికి పెడితే వచ్చింది ఒక్కటే బిడ్డు. పీవీపీ సంస్థ 900 కోట్లు ఇస్తామన్నా ఒప్పందం కుదరలేదు. సెప్టెంబరు 14న బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. వ్యవహారం బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ గడువులోగా కట్టలేకపోవడంతో అక్టోబరులో కథ ముగిసింది. అదే నెల 25న సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. అది సన్‌రైజర్స్.

కోర్టుల్లో మాత్రం ఛార్జర్స్ బతికే ఉంది. 2020 జూలైలో మధ్యవర్తి తీర్పు వచ్చింది. రద్దు చెల్లదనీ, పాత యజమానికి బీసీసీఐ దాదాపు 4,800 కోట్లు చెల్లించాలనీ దాని సారాంశం. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. జట్టు ఆడింది ఐదు సీజన్లు. దాని పేరు మీద నడిచిన వ్యాజ్యం 2012 నుంచి 2021 దాకా. ఐపీఎల్ కప్పు గెలిచి మూతపడ్డ మొదటి జట్టు కూడా ఇదే.

నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది. అమీర్‌పేట నుంచి నేరుగా ‘స్టేడియం’ స్టేషన్‌కు రైలు వచ్చేనాటికి, ఆ స్టేడియంలో మొదట ఆడిన ఐపీఎల్ జట్టు పోయి ఐదేళ్లయింది.

ఒకే ఏప్రిల్, రెండు హైదరాబాద్‌లు

ఉప్పల్‌లో ఛార్జర్స్ ఓటముల పరంపర మొదలవడానికి కొద్ది రోజుల ముందు, అదే 2008 ఏప్రిల్‌లో, లాల్ బహదూర్ స్టేడియంలో ఆడుతున్న మరో హైదరాబాద్ జట్టు కప్పు గెలిచింది. దాని పేరు హైదరాబాద్ హీరోస్. సుభాష్ చంద్రకు చెందిన ఎస్సెల్ గ్రూపు పెట్టిన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో అది ఒక జట్టు. న్యూజిలాండ్ ఆటగాడు క్రిస్ హారిస్ కెప్టెన్. అబ్దుల్ రజాక్, స్టువర్ట్ బిన్నీ, అంబటి రాయుడు అందులో ఆడారు.

ఫైనల్‌లో ఎదురైంది ఇంజమామ్ ఉల్ హక్ నాయకత్వంలోని లాహోర్ బాద్‌షాస్. మూడు ఫైనళ్లలో రెండు గెలవాలన్నది పద్ధతి. మొదటిది హీరోస్ గెలిచింది. రెండోది టై అయింది. బ్యాటరు లేకుండా వికెట్లకు గురిపెట్టి బంతులు వేసే ‘బౌల్ అవుట్’తో తేల్చారు. అందులోనూ హీరోస్‌దే గెలుపు. బౌల్ అవుట్‌తో కప్పు గెలిచిన జట్టు మన ఊళ్లో ఇదొక్కటే.

ఆ లీగ్‌ను బీసీసీఐ గుర్తించలేదు. అందులో ఆడినవాళ్లను దూరం పెట్టింది. 2008 నవంబరు తర్వాత ఆ లీగ్ మళ్లీ జరగలేదు. 2009లో ఆటగాళ్లకు క్షమాభిక్ష దొరికింది. ఆ జట్టు విజయానికి మాత్రం ఏ అధికారిక లెక్కలోనూ చోటు దొరకలేదు.

రాయుడి సంగతి ఇక్కడ చెప్పాలి. 17 ఏళ్ల వయసులో రంజీ ట్రోఫీలో ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ చేసిన కుర్రాడు. ఆ లీగ్‌కు వెళ్లి విలువైన ఏళ్లు పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చాక ముంబైతో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ఐపీఎల్ కప్పులు గెలిచాడు. ఆటగాడిగా ఆరు గెలిచిన ఇంకొకరు రోహిత్ శర్మ. ఐదు ముంబైతో, మొదటిది డెక్కన్ ఛార్జర్స్‌తో. అత్యధిక ఐపీఎల్ కప్పుల రికార్డు పంచుకుంటున్న ఇద్దరూ తమ తొలి టీ20 లీగ్ కప్పును హైదరాబాద్‌లో ఇప్పుడు లేని జట్లతోనే గెలిచారు.

వరుసగా ఐదు

ఇక అసలు సంగతి. క్రికెట్ జట్ల గొప్పలన్నీ ఒక పక్కన పెట్టినా ఈ ఒక్కటే వాటిని మించుతుంది.

బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ 1891లో పుట్టిన ఫుట్‌బాల్ టోర్నీ. 1950, 51, 52, 53, 54. ఐదేళ్లూ కప్పు పట్టుకెళ్లింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే. టోర్నీ బతికున్నంత కాలం మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్ ఎవరూ దీన్ని అందుకోలేకపోయారు. ఇప్పుడు టోర్నీయే లేదు కాబట్టి ఇక ఎవరూ చెరపలేరు.

1950లోనే మరొకటి జరిగింది. 1940 తర్వాత ఆగిపోయిన డ్యూరాండ్ కప్ స్వతంత్ర భారతంలో మళ్లీ మొదలైంది ఆ ఏడాదే. ఫైనల్‌లో మోహన్ బగాన్‌తో 2-2 డ్రా. మళ్లీ ఆడితే 1-0తో పోలీసులు గెలిచారు. స్వాతంత్య్రం తర్వాత మొదటి డ్యూరాండ్ కప్ హైదరాబాద్‌కు వచ్చింది. 1954లో, మళ్లీ 1957 సీజన్‌లో గెలిచారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జట్టు ఆంధ్రా పోలీస్‌గా మారి 1961లో నాలుగోసారి గెలిచింది. ఈసారీ ఫైనల్‌లో ఎదురు నిలిచింది మోహన్ బగానే.

ఇదంతా నడిపించింది ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఉస్మానియాలో చదివి, పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. 1950లో సిటీ పోలీస్ కోచ్ అయ్యారు, కన్నుమూసే దాకా ఆ బాధ్యత వదల్లేదు. ఆయన పెట్టిన పోటీలు వినండి. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీ ఒకటి. బంతిని కాలి దగ్గర ఉంచుకుని పరిగెత్తకుండా వెంటనే పాస్ ఇచ్చేయాల్సిన పోటీ ఇంకొకటి. రెండు కాళ్లూ సమానంగా పనిచేయాలి, బంతి మనిషి కంటే వేగంగా కదలాలి. ఈ రెండు పాఠాలతోనే ఆయన జట్టు కలకత్తా క్లబ్బులను మట్టికరిపించింది.

ఆయన దగ్గర తయారైనవాళ్లు ఒలింపిక్స్ దాకా వెళ్లారు. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ సిటీ పోలీస్ వాళ్లే. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం రోజూ సాధనకు రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకు రహీమ్ సాబ్ తన జేబులోంచి ఇచ్చారని చెబుతారు. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇప్పటిదాకా రెండే స్వర్ణాలు, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. ఈ రెండింటికీ, మెల్‌బోర్న్‌కూ కోచ్ రహీమే. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న వెళ్లిపోయారు. ఆ తర్వాత భారత్ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో స్వర్ణం గెలవలేదు.

2024లో అజయ్ దేవగణ్‌తో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చేదాకా మన ఊళ్లోనే చాలామందికి ఆయన పేరు తెలియదు. హైదరాబాద్ బిర్యానీ గురించి ఎంత గర్వంగా చెబుతామో, రహీమ్ గురించి అంతకంటే గర్వంగా చెప్పాల్సినవాళ్లం.

తొలి సీజన్ విజేతలు

2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. మొదటి సీజన్ మొత్తం హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో. గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్. 70 నిమిషాల ఆటను రెండు సగాలుగా కాక నాలుగు భాగాలుగా ఆడించడం ఆ లీగ్‌లో కొత్త. అంతర్జాతీయ హాకీ సమాఖ్య నాలుగు భాగాల పద్ధతికి మారింది 2014లో. అప్పటికి మన లీగ్ ఆగిపోయి ఆరేళ్లు.

2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్. మొదటి విజేత సైనా నెహ్వాల్ కెప్టెన్‌గా ఆడిన హైదరాబాద్ హాట్‌షాట్స్. ముంబైలో ఫైనల్. ఎదుటి జట్టు అవధ్ వారియర్స్‌కు కెప్టెన్ పీవీ సింధు. సైనా టోర్నీ అంతా ఒక్క మ్యాచూ ఓడలేదు. లీగ్ పేరు మారాక హైదరాబాద్ హంటర్స్ వచ్చింది, 2018 జనవరిలో కప్పు గెలిచింది. 2020 తర్వాత ఆ లీగ్ లేదు, హంటర్స్ లేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి షూటౌట్‌లో మూడు ఆపాడు. రహీమ్ ఊరికి పెద్ద ఫుట్‌బాల్ కప్పు రావడం ఎన్నో దశాబ్దాల తర్వాత అదే. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు మారిపోయింది.

దాచిపెట్టే అలవాటు

జట్లు పోవడం మన ఊళ్లోనే కాదు. అమెరికాలో బేస్‌బాల్‌కు పెద్ద లీగ్ కింద చిన్న పట్టణాల జట్లు వందకు పైగా ఉంటాయి. 2021లో ఆ అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించారు. ఎన్నో ఊళ్లు తమ జట్లను పోగొట్టుకున్నాయి. అయినా అక్కడ మూతపడ్డ జట్టు లెక్క పోదు. 1971లో కూపర్స్‌టౌన్‌లో 16 మంది అభిమానులు కలిసి బేస్‌బాల్ పరిశోధన సంఘం ఒకటి పెట్టుకున్నారు. పాత జట్లు, పాత ఆటగాళ్లు, పాత స్కోర్లు వెతికి రాసిపెట్టడమే వాళ్ల పని. ప్రభుత్వం చెప్పలేదు, లీగ్ చెప్పలేదు. అభిమానులే చేశారు.

ఆ పని ఇక్కడ మనమూ చేయవచ్చు. లాల్ బహదూర్ స్టేడియం గోడ మీద ఆ ఐదు రోవర్స్ కప్పుల సంవత్సరాలు, ఆడినవాళ్ల పేర్లు రాయించాలి. రోజూ వేలమంది రైలు మారే అమీర్‌పేట స్టేషన్‌లో ఒక గోడ ఈ జట్ల ఫొటోలకు ఇవ్వమని మెట్రో వాళ్లను అడగాలి.

అంతకంటే ముందు మీ ఇంట్లో వెతకండి. తాతగారు పోలీసు శాఖలో పనిచేసి ఉంటే పాత ట్రంకు పెట్టెలో జట్టు ఫొటో ఉండవచ్చు. 2008 నాటి ఉప్పల్ టికెట్టు, హీరోస్ జెర్సీ, సుల్తాన్స్ పోస్టరు అటక మీద ఉండవచ్చు. పాత కాగితాలవాడికి వేయకండి. ఫొటో వెనక ఏడాది, ఊరు, మైదానం రాయండి. ఎడమ నుంచి కుడికి నిలబడ్డవాళ్ల పేర్లు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఈ ఆదివారమే రాయించండి.